నాలుగు మార్కుల నొప్పి

ఉమ్మిడి రాజులమ్మ నోటికి ఆ తీరంలో ఒక విలువ ఉండేది. తెల్లారి బోట్లు ఒడ్డుకు తగిలేసరికి ఆవిడ ఇసకలో నిలబడి ఉండేది. చేపల గుట్ట ముందు కొంగు నడుముకి బిగించి వేలంపాట ఎత్తుకుందంటే, అల్లంత దూరాన ఐసు బండి దగ్గరున్న బేరగాడికి కూడా ఒక్కో అంకె విడివిడిగా వినపడేది. మొగుడు పోయాక ఇల్లు గడిచింది ఆ గొంతు మీదే. కొడుక్కి పెళ్ళి చేసిందీ, పైడమ్మ అనే కోడల్ని తెచ్చుకున్నదీ ఆ గొంతుతోనే.

ఆ నోటికి ఒక అలవాటు కూడా ఉంది. అక్కడి ఆడవాళ్ళకి తరతరాలుగా ఉన్నదే. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు, నుసి చేపల మీద పడదు, నెత్తిన గంప ఉన్నా ఇబ్బంది లేదు. ఇన్ని సదుపాయాలున్న అలవాటు మంచిది కాదంటే ఎవరు నమ్ముతారు?

ఒక మధ్యాహ్నం ఆశ కార్యకర్త సత్యవేణి సెల్‌ఫోను టార్చి వేసుకుని ఇంటింటికీ తిరుగుతూ రాజులమ్మ గుమ్మంలోకొచ్చింది.

"పెద్దమ్మా, ఒకసారి నోరు తెరు."

"ఊరంతా మూసుకోమంటారు. నువ్వొక్కదానివే తెరమంతన్నావు," అని నవ్వుతూనే తెరిచింది రాజులమ్మ.

సత్యవేణి టార్చి అలా పట్టుకుని చాలాసేపు చూసింది. పైన అంగిట్లో విరిగిన పాల మీగడ అంటుకున్నట్టు తెల్లటి మచ్చ ఉంది. దాని నడుమ ఎర్రగా ఉంది.

"నొప్పెడతందా?"

"నేదే. నొప్పెడితే నాకు తెల్దేటి?"

"అయితే రేపే ఎల్లిపో పెద్దమ్మా, జిల్లా ఆసుపత్రికి. నొప్పి లేనప్పుడే ఎల్లాలి. నొప్పి వొచ్చేదాకా కూకుంటే చెయ్యి దాటిపోద్దని మాకు ట్రైనింగులో మరీ మరీ చెప్పారు."

ట్రైనింగు ఇచ్చింది ఆ జిల్లా ఆసుపత్రివాళ్ళే. రాజులమ్మ ఒకరు చెబితే వినే మనిషి కాదు. కానీ సత్యవేణి ముఖంలో నవ్వు లేకపోవడం చూసి, మర్నాడు వేలంపాట ఇంకొకరికి అప్పగించి, కోడల్ని తోడు తీసుకుని మొదటి బస్సెక్కింది.

ఇక్కడ ఆసుపత్రి గురించి కొంత చెప్పాలి. దానికి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు డాక్టర్ పురుషోత్తంగారు దూరదృష్టి గలవారు. ఎక్కడో నాణ్యతా ప్రమాణాల శిక్షణకి వెళ్ళి, గుండ్రటి ముఖాలు వరసగా వేసిన ఒక పటం పట్టుకొచ్చారు. సున్నా దగ్గర ముఖం నవ్వుతుంటుంది. పది దగ్గర ముఖం బొటబొటా ఏడుస్తుంటుంది. రోగి తన నొప్పి ఏ అంకె దగ్గరుందో చూపించాలి. ఇంతవరకూ ఎక్కడైనా ఉన్నదే. అయితే పురుషోత్తంగారి ఆలోచన అక్కడ ఆగలేదు. ఓపీలో రద్దీ ఎందుకుందని వారు అధ్యయనం చేయగా, వరసలో నిలబడ్డవాళ్ళలో చాలామందికి అసలు నొప్పే లేదని తేలింది. వారంలోగా ఉత్తర్వు వెలువడింది.

"నొప్పి లేని వ్యక్తిని రోగిగా పరిగణించుట శాస్త్రసమ్మతము కాదు. నాలుగుకు తక్కువ నొప్పి గలవారిని సందర్శకులుగా గుర్తించి, సందర్శన వేళలయందు మాత్రమే లోనికి అనుమతించవలెను."

ఉత్తర్వు అమలైన మొదటి వారంలోనే రద్దీ సగానికి తగ్గింది. జిల్లాలో ఆరోగ్యం అంత వేగంగా మెరుగుపడటం ఎవరూ ఎరగరు.

కౌంటరులో సన్యాసిరావు అనే గుమాస్తా కూర్చునేవాడు. ఉత్తర్వు తర్వాత అతని హోదా "నొప్పి మదింపు సహాయకుడు". చెడ్డవాడు కాదు. చెప్పింది చేసేవాడు. రాజులమ్మ వంతు రాగానే పటం ముందుకు జరిపాడు.

"ఇందులో నీ మొహం ఏదమ్మా?"

రాజులమ్మ శ్రద్ధగా చూసింది. "ఒక్కటీ ఆడమనిషిలా నేదు బాబూ. ఒక్కదానికీ జుట్టయినా నేదు."

"జుట్టుతో పని లేదు. నొప్పి ఎంతుందో అంకె చెప్పు. సున్నా నుంచి పది."

అంకెలంటే రాజులమ్మకి ప్రాణం లేచొచ్చింది. "నువ్వు ఎంతకి ఇత్తావు?"

"నేనిచ్చేదేం లేదు. నాలుక్కి తక్కువైతే చీటీ రాదు."

"అయితే నాలుగు."

"నొప్పి లేదని ఇప్పుడే మీ కోడలితో అన్నావు. విన్నాను."

"నాలుగున్నర ఏసుకో."

"ఇది పాట కాదమ్మా. నొప్పి ముఖంలో కనపడాలి. నీ ముఖం నిక్షేపంలా ఉంది."

"మచ్చ నోట్లో ఉంటే మొగంలో ఎలాగ కనబడతాది? లోపల సూడండి బాబూ, మీకే తెలుస్తాది."

"లోపల చూడ్డానికి డాక్టరుగారున్నారు. డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాలంటే చీటీ ఉండాలి. చీటీ కావాలంటే నొప్పి ఉండాలి." సన్యాసిరావు గొంతులో ఏ కోశానా కోపం లేదు. పచ్చకాగితం ఒకటి తీసి సందర్శకుల పాసు రాశాడు. సందర్శించవలసిన వ్యక్తి: ఉమ్మిడి రాజులమ్మ. బంధుత్వం: తానే. "సాయంత్రం నాలుక్కి రండి. పళ్ళూ, బ్రెడ్డూ తెచ్చుకోవచ్చు," అన్నాడు.

అత్తాకోడళ్ళు సాయంత్రందాకా ఆవరణలో కూర్చుని, నాలుగ్గంటలకి పాసు చూపించి లోపలికి వెళ్ళారు. డాక్టర్లు రెండింటికే వెళ్ళిపోతారు. నోటికి సంబంధించిన గది తలుపుకి తాళం వేసి ఉంది. ఎదురుగా బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న అరటిపళ్ళు వాళ్ళే తిన్నారు. వాళ్ళ తల మీద గోడకి రంగుల బోర్డు ఉంది. పైడమ్మ కూడబలుక్కుని చదివింది. "నోటి క్యాన్సరుని ముందుగా గుర్తిస్తే పూర్తిగా నయం చేయవచ్చు. ఆలస్యం చేయకండి."

"సేసింది మనమా?" అంది రాజులమ్మ.

ఆసుపత్రి గేటు బయట ఈపాటికి ఒక కొత్త వృత్తి పుట్టుకొచ్చింది. సుందరశివం అనే పాత నాటకాల ఆయన టీ బడ్డీ పక్కన కుర్చీ వేసుకుని, జనానికి నొప్పి నేర్పుతున్నాడు. కడుపునొప్పికి ఒక వంగుడు, నడుంనొప్పికి ఒక నిట్టూర్పు, కీళ్ళనొప్పికి రెండు మెట్ల మధ్య ఆగి ఆకాశం కేసి చూడటం. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళకి ఆరు మార్కులకి తక్కువ రావడం లేదు. పైడమ్మ మర్నాడు అత్తని ఆయన ముందు నిలబెట్టింది.

"ఎక్కడమ్మా నొప్పి?"

"నొప్పి నేదు. మచ్చ. అంగిట్లో."

సుందరశివం ఆలోచనలో పడ్డాడు. "అంగిలికి అభినయం మా గురువులు చెప్పలేదమ్మా. దవడ పట్టుకో. కళ్ళు సగం మూసి, కింది పెదవి కొంచెం వేలాడెయ్యి. మాట్లాడకు. నీ గొంతు వింటే ఎవడూ నమ్మడు."

రాజులమ్మకి ఇదంతా చిన్నతనంగా అనిపించింది. రేవులో ఇంతమంది మగాళ్ళ ముందు ఏనాడూ కన్నీళ్ళు పెట్టుకోని మనిషి, లేని నొప్పికి మూలగడమేమిటి? కానీ సత్యవేణి ముఖం గుర్తొచ్చి దవడ పట్టుకుంది. సన్యాసిరావు చూసి ఐదు వేశాడు.

అయితే ఆసుపత్రి నిద్రపోవడం లేదు. బయట నొప్పి తయారవుతోందన్న సంగతి పురుషోత్తంగారి చెవిన పడి, "నొప్పి నిర్ధారణ సంఘం" ఏర్పడింది. చీటీ పుచ్చుకున్నవాళ్ళు డాక్టరు దగ్గరకి వెళ్ళేముందు ఆ సంఘం ముందు హాజరవ్వాలి. సంఘం పద్ధతి సులువైనది. నడుంనొప్పివాళ్ళ ముందు నేల మీద కలం జారవిడుస్తారు. చెవినొప్పివాళ్ళని వెనకనుంచి పిలుస్తారు. నోటినొప్పివాళ్ళకి ఒక ప్లేటులో వేడివేడి పకోడీలు పెట్టి, "తీసుకోండమ్మా," అంటారు.

రాజులమ్మ చీకటితో బస్సెక్కిన మనిషి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అందులోనూ మర్యాదగా పెట్టారు. రెండు పకోడీలు నమిలి మింగి, మూడోది తీసుకుంటుండగా సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సూపరింటెండెంటుగారే స్వయంగా వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి.

"అమ్మా, ఆసుపత్రి సామర్థ్యం పరిమితమైనది. లేని నొప్పిని నువ్వు వాడుకుంటే, ఉన్నవాళ్ళకి చోటు మిగలదు. ఇది నైతికంగా ఎంత పొరపాటో ఆలోచించు."

"బాబూ, నొప్పి నేకుండగానే రమ్మని మీరే సెప్పించినారట కదా?"

"అది ప్రజలలో అవగాహన కల్పించడం. ఇది ఆసుపత్రి నడపడం. అవగాహననీ అమలునీ కలిపేస్తే రెండూ చెడతాయి." వారు పక్కకి తిరిగి సంఘంవారితో అన్నారు, "నకిలీ నొప్పి. ఆరునెలల పాటు ఈమె నొప్పి స్వీకరించరాదు."

ఆ రోజు తిరుగు బస్సులో రాజులమ్మ ఊరు దగ్గరపడుతుండగా చుట్ట తీసి, కాసేపు చేతిలో తిప్పి, వెలిగించింది. పైడమ్మ వద్దనబోయి, కిటికీ వైపు తిరిగింది.

మనిషి మనసు చిత్రమైనది. అవమానం చల్లారాక రాజులమ్మకి ఒక విధమైన నిశ్చింత కలిగింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని, పకోడీలు పెట్టి మరీ పరీక్షించి, నీకేమీ లేదన్నారు. లేదనే అనుకోవాలి. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు కూడా "వేడి చేసింది" అని నారింజ రంగు విటమిను మాత్రలిచ్చాడు. సత్యవేణి మాత్రం కనపడినప్పుడల్లా, పట్నం పెద్దాసుపత్రికైనా వెళ్దాం రమ్మని బతిమాలేది.

"మీ ఆసుపత్రోల్లు నన్ను నన్నే సూడ్డానికొచ్చిన సుట్టంలాగ రాసుకున్నారే," అనేది రాజులమ్మ. "నాకు రోగముంటే అలాగ రాత్తారేటి?"

ఆరునెలల గడువు దాటి వానాకాలం వచ్చింది. వేసవిలో ఆపిన వేట మళ్ళీ మొదలైంది. ఒకరోజు గంజి తాగుతుంటే ముక్కులోంచి కారింది. మరో పొద్దున వేలంపాటలో అంకె పలకబోతే గాలి ఎక్కడినుంచో తప్పించుకుపోయినట్టు మాట ముద్దగా వచ్చింది. బేరగాళ్ళు "ఎంతన్నావు?" అని అడిగారు. ఆవిడ పాటలో ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడిగి ఎరగరు. తర్వాత నొప్పి వచ్చింది. అంగిట్లో మొదలై, కణతల మీదుగా చెవిదాకా పాకి, పడుకోనివ్వని నొప్పి.

ఆ ఇంట్లో నొప్పి వచ్చినందుకు బెంగతో పాటు కాస్త ధైర్యం కూడా కలిగింది. పైడమ్మ అత్త తల ఒళ్ళో పెట్టుకుని, "ఇప్పుడు నాలుగుంటాదా అత్తా?" అని అడిగింది. రాజులమ్మ ఉంటుందన్నట్టు తల ఊపింది.

సన్యాసిరావు ఈసారి పటం జరపలేదు. ఆవిడ ముఖం చూసి, అడక్కుండానే తొమ్మిది వేసి, లేచి తన కుర్చీ ఇచ్చాడు. స్ట్రెచరు వచ్చింది. సంఘంవారు పకోడీల ప్లేటు వెనక్కి తీసుకుపోయారు. పురుషోత్తంగారు వరండాలో ఎదురై, పాత సంగతి గుర్తులేక, "ఇదీ నొప్పంటే. ఇలాంటి కేసుల కోసమే ఈ వ్యవస్థ," అని పక్కవాళ్ళకి చూపించారు.

నోటి డాక్టరు పేరు హసీనా. చిన్నవయసు. అద్దం పెట్టి, దీపం దగ్గరగా లాక్కుని, లోపలికి చూసింది. మచ్చ ఉన్నచోట ఇప్పుడు గుంట ఉంది.

"ఇంత ఆలస్యంగా వచ్చారేమ్మా?"

రాజులమ్మ కోడలి కేసి చూసింది. పైడమ్మ చెప్పింది. టార్చి, బస్సు, పచ్చ పాసు, పళ్ళు, పకోడీలు అన్నీ వరసగా చెప్పింది. హసీనా చేతిలోని అద్దం పళ్ళెంలో పెట్టేసింది.

"ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను," అంది. "పొద్దున్నుంచి ఒక్కరూ రాలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాను."

పట్నంలో రాజులమ్మకి ఆపరేషను చేశారు. పై అంగిలీ, ఒక పక్క పైదవడా తీసేసి, ఆ ఖాళీకి తీసిపెట్టుకునే ప్లేటు అమర్చారు. తర్వాత రేడియేషను, వాళ్ళ మాటలో కరెంటు, పెట్టారు. మనిషి దక్కింది. బరువు సగమైంది. ప్లేటు పెట్టుకుంటే అన్నం మింగగలదు. మాట మాత్రం ముక్కులోంచి, నీళ్ళలో మునిగిన మనిషి పిలిచినట్టు వస్తుంది. ఇంట్లోవాళ్ళకీ, ఎప్పుడూ పక్కనుండే నలుగురు ఆడవాళ్ళకీ తప్ప అర్థం కాదు. వేలంపాట పైడమ్మ చేస్తోంది. రాజులమ్మ కొన్నాళ్ళు పక్కన నిలబడింది. తర్వాత రేవుకి వెళ్ళడం మానేసింది. చుట్టా మానేసింది. మానడానికి ఏమీ కష్టపడలేదు. కష్టమంతా ముందే అయిపోయింది.

ఏడాది చివర ఆసుపత్రిలో సమీక్ష జరిగింది. నోటి క్యాన్సరుతో వచ్చినవాళ్ళందరూ ముదిరిన దశలోనే వచ్చారని లెక్క తేలింది. ఒక్కరూ ముందుగా రాలేదు. ఇందుకు కారణమేమిటని గంభీరమైన చర్చ జరిగి, "ప్రజల అజ్ఞానము, నిర్లక్ష్యము" అని తీర్మానించారు. హసీనా లేచి, ముందుగా వచ్చినవాళ్ళని మనమే గేటు దగ్గర ఆపుతున్నామని, ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదని, అదే దాని మోసమని చెప్పింది.

పురుషోత్తంగారు ఓపిగ్గా విన్నారు. "మీ అభ్యంతరం నోట్ చేసుకున్నాం. తీవ్రత రెండు అనుకుంటాను. నాలుగు దాటితే తప్పక పరిశీలిద్దాం," అన్నారు. అందరూ టీ తాగారు.

తీర్మానం ప్రకారం పెద్ద అవగాహన సదస్సు ఏర్పాటైంది. తీరంలోని ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని వ్యానుల్లో తీసుకొచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. నిర్లక్ష్యానికి సజీవ నిదర్శనంగా వేదిక మీద ఎవరినైనా చూపిస్తే బాగుంటుందని సంఘంవారు సూచించారు. రాజులమ్మకి కబురొచ్చింది.

వెళ్ళొద్దంది పైడమ్మ. రాజులమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

పురుషోత్తంగారు చాలాసేపు మాట్లాడారు. ఆసుపత్రి తలుపులు ఎల్లవేళలా తెరిచే ఉన్నాయనీ, ప్రజలే రావడం లేదనీ బాధపడ్డారు. "ఈ సోదరిని చూడండి. సకాలంలో వచ్చి ఉంటే ఈ రోజు గొంతెత్తి మాట్లాడేది," అని దండ వేసి, మైకు ఆవిడ ముందుకి జరిపారు. "నాలుగు మాటలు చెప్పమ్మా."

రాజులమ్మ మైకు పట్టుకుని, వేదిక మీదివాళ్ళని కాదు, ముందు వరసల్లో ఉన్న ఆడవాళ్ళని చూసింది. వాళ్ళలో చాలామంది ఆవిడ పాటలో చేపలు కొన్నవాళ్ళే. చాలామంది నోళ్ళలో ఆ క్షణాన కూడా పొగ వాసన ఉంది. ఆవిడ మాట్లాడింది. మైకులోంచి ముక్కుతో కలిసిపోయిన ఒక ధ్వని వచ్చింది. వేదిక మీద ఎవరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ముందు వరసల్లో మాత్రం గుసగుసలు ఆగిపోయాయి. ఎప్పుడూ పక్కనుండే ఆ నలుగురి నుంచి మొదలై, ఒకరి చెవిలో ఒకరుగా ఆ మాట చివరి వరసదాకా పోయింది.

పురుషోత్తంగారు మైకు తీసుకున్నారు. "ఏం చెబుతోందంటే, నాలాగ నిర్లక్ష్యం చేయవద్దని చెబుతోంది." చప్పట్లు మోగాయి.

రాజులమ్మ చెప్పింది అది కాదు. "సోమారం పొద్దున పచ్చిమిరగాయలు నమిలీసి రండి. నానూ వొత్తాను. ఆల్లు పకోడీలెడితే ముట్టుకోకండి," అంది.

సోమవారం మొదటి బస్సులో పదిమందికి పైగా ఆడవాళ్ళు దిగారు. గేటు బయట రాజులమ్మ ఒక్కొక్కరికీ రెండేసి మిరపకాయలు పంచింది. కౌంటరు దగ్గరకొచ్చేసరికి వాళ్ళ కళ్ళు చింతనిప్పులు, ముక్కులు ధారలు. ఒక్కరికీ మాట రావడం లేదు. సన్యాసిరావు పటంలో ఏడుపు ముఖాల కేసీ, వాళ్ళ ముఖాల కేసీ చూశాడు. అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. వాళ్ళ వెనకాల నిలబడ్డ రాజులమ్మనీ చూశాడు. తల దించుకుని ఏడు, ఎనిమిది, ఏడు అని వేసుకుంటూ పోయాడు. సంఘంవారి పకోడీలు చల్లారిపోయాయి.

హసీనా గదిలోకి మొదటి మనిషి రాగానే మిరపకాయ ఘాటు గుప్పుమంది. డాక్టరుకి తుమ్ము కూడా వచ్చింది. చల్లటి మజ్జిగ తెప్పించి, అందరి చేతా పుక్కిలింపించి, దీపం దగ్గరగా లాక్కుంది.

ఆ సోమవారం మొదలుకుని తీరం నుంచి బస్సులు వస్తూనే ఉన్నాయి. ముగ్గురికి మచ్చలు చిన్నవిగా ఉండగానే దొరికాయి. పట్నంలో చిన్న కోతతో పోయాయి. ముగ్గురూ మామూలుగా మాట్లాడుతున్నారు. తీరప్రాంత స్త్రీలలో సోమవారాలు నోటినొప్పి ఎందుకు ప్రబలుతోందో తెలుసుకోవడానికి పురుషోత్తంగారు పరిశోధన ప్రారంభించారు. సముద్రపు తేమకీ, ఆదివారపు భోజనానికీ సంబంధముందని ప్రాథమికంగా తేలింది. క్యాన్సరుని తొలిదశలో గుర్తించినందుకు ఆసుపత్రికి ఉత్తమ పురస్కారం వచ్చింది. నొప్పిని శాస్త్రీయంగా కొలవడం వల్లనే ఇది సాధ్యమైందని వారు సభాముఖంగా చెప్పారు.

పురస్కారం వచ్చిన మర్నాడు మళ్ళీ సోమవారం. ఒక కొత్త పెళ్ళికూతురు, మిరపకాయ మంటకి కళ్ళు తుడుచుకుంటూ, హసీనా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. రాజులమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. హసీనా మజ్జిగ గ్లాసు అందించి, ఆ పిల్ల కుదుటపడేదాకా ఆగి అడిగింది.

"నిజం చెప్పమ్మా. నొప్పి ఉందా?"

పిల్ల భయంభయంగా రాజులమ్మ కేసి చూసింది. రాజులమ్మ చెప్పమన్నట్టు తల ఊపింది.

"నేదు డాట్రమ్మా."

"మంచిది," అంది హసీనా. "నోరు తెరు."